నాలుకకు తెలియని మంట

(ఉత్తరాంధ్రలో ఒక వాకర్స్ క్లబ్ నెలవారీ సమావేశంలో రిటైర్డ్ సర్జన్ ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది. చివర సభికుల ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఆ ఫ్యాను ఒక్కటి తగ్గించు బాబూ, మైకులో హోరు తప్ప నా గొంతు వినపడ్డం లేదు. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ముందు ఒక చిన్న ఫిర్యాదు. నా వెనకాల ఫ్లెక్సీ మీద "క్యాన్సర్ రాకుండా కాపాడే ఆహారం" అని వేయించారు. సెక్రటరీ గారూ, ఫోన్లో నేను చెప్పింది అది కాదండీ. అలాంటి ఆహారమే ఉంటే ముప్పై అయిదేళ్ళు నేను ఆపరేషన్ థియేటర్లో నిలబడే పనే ఉండేది కాదు. (నవ్వులు) ఒంట్లో ఏళ్ళ తరబడి సన్నగా రగిలే ఇన్‌ఫ్లమేషన్ అనేదొకటి ఉంది, దానికీ మన కంచానికీ క్యాన్సర్‌కీ ఉన్న లింకు ఏమిటో చెప్తానన్నాను. అది ఫ్లెక్సీ మీద పట్టదనుకోండి, ఆ మాట ఒప్పుకుంటాను.

ఇన్‌ఫ్లమేషన్‌కి తెలుగేమిటి? పత్రికల్లో "శోథ" అని రాస్తారు. ఇంట్లో ఎవరైనా "నాకు మోకాలికి శోథ వచ్చిందే" అంటారా? అనరు. వాపు అంటాం, మంట అంటాం. ఆ మంట అనే మాట దగ్గరే మనవాళ్ళు దారి తప్పుతున్నారు. మొన్న ఒకావిడ వచ్చింది. వాట్సాప్‌లో ఎవరో పంపారట, ఇన్‌ఫ్లమేషన్ అంటే మంట, మంట అంటే కారం, అందుకని ఇంట్లో ఎండుమిరపకాయ మానేశారు. ఆవకాయ జాడీ తీసుకెళ్ళి పనమ్మాయికి ఇచ్చేశారు. ఆ పనమ్మాయి అదృష్టవంతురాలు! (నవ్వులు) ఆ ఇంట్లో పంచదార డబ్బా మాత్రం కదల్లేదు. సాయంత్రం కూల్‌డ్రింకూ, బిస్కెట్ పాకెట్టూ కదల్లేదు. అవి "చలవ" కదా మరి.

మిరపకాయ మంట వేరు. నాలుక మీద వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంటుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది మెదడుకి "కాలుతోంది" అని కబురు పెడుతుంది. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ కూడా సరిగ్గా అదే తలుపు తడుతుంది. కాలకుండానే కాలినట్టు అనిపిస్తుంది. 1997లో దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ ఇచ్చారు. అంటే మిరపకాయ మంట నరాల కబురు. మనం ఇవాళ మాట్లాడుకునే మంట నాలుకకి తెలియదు, ఒంటికీ తెలియదు. తెలిస్తే జాగ్రత్త పడేవాళ్ళమే.

"వేడి చేయడం" గురించి కూడా ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. మామిడిపండు వేడి, బొప్పాయి వేడి, కోడిగుడ్డు వేడి అంటారు. ఆ లెక్క వేరే శాస్త్రానిది. ఈ లెక్కతో దాన్ని కలపకండి. కలిపితే రెండూ చెడతాయి.

ఇప్పుడు అసలు విషయం. చిన్నప్పుడు కాల్లో తుమ్మముల్లు దిగని వాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ముల్లు దిగిన చోట ఎర్రబడుతుంది, వాస్తుంది, వెచ్చగా ఉంటుంది, సలుపుతుంది. ఈ నాలుగు లక్షణాలనూ రెండు వేల ఏళ్ళ కిందటే సెల్సస్ అనే రోమన్ రాసిపెట్టాడు. లోపల జరిగేదేమిటంటే, తెల్ల రక్తకణాలు అక్కడికి పరిగెడతాయి. సూక్ష్మజీవులను చంపడానికి ఘాటైన రసాయనాలు కక్కుతాయి. దెబ్బతిన్న చోట కొత్త కణాలు పుట్టాలని చుట్టుపక్కల కణాలకు తాఖీదులు పంపుతాయి. కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. ముల్లు బయటికి రాగానే నాలుగు రోజుల్లో అంతా సద్దుమణుగుతుంది. ఇది మంచి ఇన్‌ఫ్లమేషన్. ఇది లేకపోతే మనం బతకలేం.

ముల్లు విరిగి లోపలే ఉండిపోయిందనుకోండి. లేదా రోజూ అదే చోట ఓ కొత్త ముల్లు దిగుతోందనుకోండి. అప్పుడు ఆ కణాలు పోవు. ఆ ఘాటు రసాయనాలు సూక్ష్మజీవులతో పాటు మన కణాల డీఎన్‌ఏని కూడా కొరుకుతాయి. మరోపక్క పెరగండి, విభజించుకోండి అని తాఖీదులు వస్తూనే ఉంటాయి. విభజన జరిగిన ప్రతిసారీ డీఎన్‌ఏని నకలు తీయాలి. చిరిగిన కాగితాన్ని పదేపదే జిరాక్స్ తీస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఇరవై ఏళ్ళకో ముప్పై ఏళ్ళకో ఒక నకలు పూర్తిగా తప్పు పోతుంది.

1863లోనే జర్మనీలో రుడాల్ఫ్ విర్షో అనే పాథాలజిస్టు క్యాన్సర్ గడ్డల్లో తెల్లకణాలు ఉండటం చూసి, ఎప్పుడూ రాపిడి పడే చోట క్యాన్సర్ పుడుతుందేమో అన్నాడు. 1986లో అమెరికాలో హెరాల్డ్ డ్వోరాక్ ఇంకో అడుగు వేసి, కణితి అంటే మానని పుండు అని వ్యాసం రాశాడు. అది చదివినప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది నాకు. పాతకాలం వాళ్ళు క్యాన్సర్‌ని ఏమనేవారు? రాచపుండు. పుండు అనే అన్నారు చూడండి.

ఈ రాపిడి సంగతి నేను పుస్తకంలో చదవక ముందే కళ్ళతో చూశాను. మన శ్రీకాకుళం, విశాఖ సముద్రతీరం పల్లెల్లో ఆడవాళ్ళు అడ్డపొగ తాగేవారు. ఇక్కడ పెద్దవాళ్ళకు తెలుసు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పీలుస్తారు. గాలి వీస్తున్నా, చంకలో పిల్ల ఉన్నా నిప్పు ఆరదు, బూడిద రాలదు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక ముసలమ్మ నోరు తెరిచింది. అంగిలంతా తెల్లగా, సున్నం పూసిన గోడలా ఉంది. మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. వెనకవైపు ఒక చోట పుండు. "నొప్పి లేదు బాబూ, ముద్ద దిగడం లేదంతే" అంది. ప్రపంచంలో మిగతా చోట్ల అంగిలి క్యాన్సర్ చాలా అరుదు. మన తీరంలో మాత్రం దంతవైద్యులు దశాబ్దాలుగా పరిశోధన పత్రాలు రాస్తూనే ఉన్నారు. అక్కడ పొగాకు విషమూ ఉంది, నిప్పు సెగా ఉంది. రెండూ కలిసి ఒకే చోట రోజూ ముల్లు దించుతున్నాయి.

అడ్డపొగ కంటికి కనపడుతుంది. తిండి దించే ముల్లు కనపడదు. అది దిగే దారులు రెండు. ఒకటి పొట్ట కొవ్వు. బొజ్జ అంటే ఊరికే మూటగట్టిన నూనె అనుకుంటాం. కాదు, అదో ఫ్యాక్టరీ. అందులో కొవ్వు కణాలు ఉబ్బి, ఊపిరాడక చచ్చిపోతుంటే వాటి చుట్టూ తెల్లకణాలు చేరతాయి. అక్కడి నుంచి ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు రక్తంలోకి కారుతూ ఉంటాయి. అవి చూసి లివర్ సీఆర్‌పీ అనే ప్రొటీన్ తయారుచేస్తుంది. ఆ సీఆర్‌పీనే ల్యాబులో కొలిచేది. అధిక బరువుకీ క్యాన్సర్‌కీ సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో 13 రకాల క్యాన్సర్ల విషయంలో తేల్చింది. పెద్దపేగు, నెలసరి ఆగాక వచ్చే రొమ్ము క్యాన్సర్, గర్భాశయం, కిడ్నీ, క్లోమం అన్నీ అందులో ఉన్నాయి.

రెండో దారి పేగు. దీని గురించి ఒక ప్రయోగం చెప్తాను. నాకు భలే ఇష్టమైన ప్రయోగం, కాబట్టి కాస్త సాగదీస్తాను, ఓపిక పట్టండి.

అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో ఉండే నల్లజాతివారిలో పెద్దపేగు క్యాన్సర్ ఏడాదికి లక్షకు 65 మందికి వస్తుంది. దక్షిణాఫ్రికా పల్లెల్లో వాళ్ళ దూరపు చుట్టాల్లాంటి వాళ్ళకి లక్షకు అయిదుగురికి కూడా రాదు. స్టీఫెన్ ఓకీఫ్ అనే డాక్టరు బృందం అటు 20 మందినీ, ఇటు 20 మందినీ తీసుకుంది. ముందు అందరికీ కొలనోస్కోపీ చేశారు, అంటే సన్నటి గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూడటం. అమెరికా వాళ్ళలో దగ్గరదగ్గర సగం మందికి పేగులో పాలిప్స్, అంటే పులిపిర్ల లాంటివి కనపడితే తీసేశారు. ఆఫ్రికా పల్లె వాళ్ళలో ఒక్కరికీ లేవు.

అప్పుడు కంచాలు మార్చేశారు. రెండే రెండు వారాలు. అమెరికా వాళ్ళకి మొక్కజొన్న గంజి, బీన్స్, ఆకుకూర, బెండకాయ, పళ్ళు. ఆఫ్రికా పల్లెవాళ్ళకి పొద్దున్న సాసేజీ, మధ్యాహ్నం బర్గరూ ఫ్రెంచ్ ఫ్రైసూ. అమెరికా వాళ్ళ పీచు రోజుకు 14 గ్రాముల నుంచి 55కి పెరిగింది. ఆఫ్రికా వాళ్ళది 66 నుంచి 12కి పడిపోయింది. కొవ్వు దీనికి తలకిందులు. పదిహేనో రోజున మళ్ళీ కొలనోస్కోపీ చేసి, పేగు గోడ నుంచి చిన్న ముక్క గిల్లి మైక్రోస్కోపు కింద పెట్టారు.

పల్లె తిండి తిన్న అమెరికా వాళ్ళ పేగులో ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు తగ్గాయి, కణాలు విభజించుకునే జోరు తగ్గింది. పట్నం తిండి తిన్న ఆఫ్రికా వాళ్ళలో రెండూ పెరిగాయి. పద్నాలుగు రోజులకే! కారణం ఎక్కడుందంటే పేగులో ఉండే బ్యాక్టీరియాలో. పీచు మనకి అరగదు, వాటికి అరుగుతుంది. అవి పీచు తిని బ్యూటిరేట్ అనే ఆమ్లం ఇస్తాయి. పెద్దపేగు గోడ కణాలకి అదే అన్నం. అమెరికా వాళ్ళలో ఆ బ్యూటిరేట్ రెండున్నర రెట్లు పెరిగింది, ఆఫ్రికా వాళ్ళలో సగానికి పడిపోయింది. పీచు లేకుండా కొవ్వు మాత్రమే వచ్చి పడితే పైత్యరసం ఎక్కువ ఊరుతుంది. దాన్ని వేరే రకం బ్యాక్టీరియా పేగు గోడకు హాని చేసే ఆమ్లాలుగా మారుస్తుంది.

ఇందులో క్యాన్సర్ తగ్గిందని ఎవరూ చూపలేదు, 2015లో అది అచ్చేసినవాళ్ళు కూడా ఆ మాట అనలేదు. పదిహేను రోజుల్లో క్యాన్సర్ రాదు, పోదు. పేగు మూడ్ మారిందని చూపారు. కానీ మన తాతలు పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి అంబలి తాగి పొలానికి వెళ్ళేవారు. మనం ఇడ్లీ పిండిలో మినప్పప్పు కూడా తగ్గించి తెల్ల రవ్వ పోస్తున్నాం. రెండు వారాలు కాదు, రెండు తరాలుగా మనం ఆ పిట్స్‌బర్గ్ వైపు నడుస్తున్నాం. మనది వన్‌వే ప్రయోగం.

సరే, తిండిని ఇలా ఒక్కొక్కరి పేగు గిల్లి కొలవలేం కదా. అందుకని మార్కులు వేసే పద్ధతి పెట్టారు. అమెరికాలో సౌత్ కరోలైనా విశ్వవిద్యాలయంలో నితిన్ శివప్ప, జేమ్స్ ఎబేర్ కలిసి 1943 పరిశోధన పత్రాలు జల్లెడ పట్టి, 45 ఆహార అంశాలకు మార్కులు ఇచ్చారు. 2014లో అచ్చయింది. ఇన్‌ఫ్లమేషన్ పెంచే దానికి ప్లస్, తగ్గించే దానికి మైనస్. అన్నిటికన్నా పెద్ద మైనస్ ఎవరికి వచ్చిందో చెప్పండి చూద్దాం.

(సభలోంచి: పసుపు!)

పసుపే. తర్వాత పీచు. ప్లస్ వైపు పైన ఉన్నది నెయ్యి, వెన్న, మాంసాల్లో ఉండే సంతృప్త కొవ్వు. అంతమాత్రాన చప్పట్లు కొట్టకండి, పసుపు సంగతికి మళ్ళీ వస్తాను.

హార్వర్డ్‌లో ఫ్రెడ్ టాబుంగ్ అనే ఆయన ఇంకో రకంగా చేశాడు. పత్రాలు కాకుండా, మనుషుల రక్తంలో సీఆర్‌పీ లాంటివి కొలిచి, ఏం తినేవాళ్ళకి అవి ఎక్కువ ఉన్నాయో వెతికి 18 ఆహార వర్గాలు తేల్చాడు. ఆ కొలతతో 1,21,050 మంది నర్సులనూ, వైద్యరంగంలో పనిచేసే మగవాళ్ళనూ ఇరవై ఆరేళ్ళ పైచిలుకు చూసిన లెక్కలు 2018లో వచ్చాయి. ఇన్‌ఫ్లమేషన్ పెంచే తిండి బాగా తిన్న అయిదో వంతు మందికి, బాగా తక్కువ తిన్న అయిదో వంతు కంటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 32 శాతం ఎక్కువ.

32 శాతం అనగానే గుండె గుభేల్మంటుంది. పత్రికలు కూడా అంతవరకే రాస్తాయి. అసలు లెక్క వినండి. మగవాళ్ళలో మంచి తిండి వాళ్ళు లక్షమందిని ఏడాది చూస్తే 113 మందికి వచ్చింది. చెడు తిండి వాళ్ళలో 151 మందికి. తేడా 38. ఆడవాళ్ళలో 80కి 92, తేడా 12. అంటే చెడు తిండి తిన్న లక్షమందిలో 99,849 మందికి ఆ ఏడాది రాలేదు, మంచి తిండి తిన్నా 113 మందికి వచ్చింది. ఈ రెండు ముక్కలూ గుర్తు పెట్టుకోండి. ఎందుకో చివర్లో చెప్తాను.

ఈ మార్కుల పట్టీలో ఒక తమాషా ఉంది. టాబుంగ్ పట్టీలో టమాటా ఎటువైపు వచ్చిందనుకున్నారు? చెడు వైపు. పిజ్జా? మంచి వైపు! (నవ్వులు) అవును, నిజం. బీరూ వైనూ కూడా మంచి వైపే. ఆగండి సుబ్బారావు మాస్టారూ, ముందు వినండి. (నవ్వులు) ఆ దేశంలో టమాటా ఎక్కువగా దేనితో తింటారో, పిజ్జా తినేవాళ్ళు ఇంకేం తింటారో, ఆ కలగాపులగం అంతా అంకెల్లోకి ఎక్కింది. ఇక బీరు రక్తంలో ఏదో ఒక గుర్తును తగ్గించవచ్చు. కానీ మందు దానంతట అదే క్యాన్సర్ కారకం. ఇందాక చెప్పిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వేసిన మొదటి జాబితాలో, అంటే క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలో, 1988 నుంచీ ఉంది. ఆల్కహాల్ ఒంట్లో ఎసిటాల్డిహైడ్‌గా మారి డీఎన్‌ఏని నేరుగా దెబ్బతీస్తుంది. దానికి ఇన్‌ఫ్లమేషన్ దారి అక్కర్లేదు. కాబట్టి ఒక్కో వస్తువుకీ మార్కులు చూసి టమాటా పప్పు మానేసి పిజ్జా పట్టకండి. పట్టీ మొత్తం చెప్పేది ఒక రకం భోజనం గురించి, ఒక వస్తువు గురించి కాదు.

పసుపుకి వస్తాను. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు 1992లోనే ఒక మంచి పని చేశారు. బాగా సిగరెట్లు తాగే పదహారు మందికి రోజుకు ఒకటిన్నర గ్రాము పసుపు నెల రోజులు ఇచ్చారు. వాళ్ళ మూత్రంలో జన్యువులను దెబ్బతీసే పదార్థాలు తగ్గాయి. ఒకటిన్నర గ్రాము అంటే అర చెంచా. మన ఇంట్లో పప్పులో, కూరలో, పులుసులో పడేదే. బెంగుళూరు సెయింట్ జాన్స్ కాలేజీవాళ్ళు 1998లో ఇంకోటి చూపారు. పసుపులో ఉండే కర్కుమిన్ ఒంటికి దాదాపు పట్టదు, మిరియంలో ఉండే పైపరీన్‌తో కలిపి ఇస్తే ఇరవై రెట్లు పడుతుంది. చారు పెట్టుకున్న ప్రతిసారీ మా ఆవిడకి ఈ మాట చెప్పి విసిగిస్తుంటాను.

కానీ ఇది క్యాన్సర్ ఆపుతుందని చూపిన ట్రయల్ లేదు. ఇక్కడే క్యాప్సూల్ వ్యాపారం మొదలవుతుంది. పసుపు మంచిదైతే పసుపు సారం ఇంకా మంచిది, పైపరీన్ కలిపితే ఇంకా ఇంకా మంచిది అని. ఒంటికి ఇరవై రెట్లు పట్టించే మందు లివర్‌కి కూడా ఇరవై రెట్లు చేరుతుంది. అలాంటి క్యాప్సూళ్ళతో లివర్ దెబ్బతిన్న కేసులు అమెరికాలో, ఇటలీలో నమోదయ్యాయి. ఈ "ఇంకా మంచిది" అనే తర్కం ఇంతకుముందు ఒకసారి బోల్తా కొట్టింది. క్యారెట్లు తినేవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువ అని చూసి, ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళలో కొందరికి బీటా కెరోటిన్ మాత్రలు ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్రలు మింగినవాళ్ళకి క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. క్యారెట్ తప్పు కాదది, మాత్ర తప్పు.

అయితే ఇన్‌ఫ్లమేషన్‌ని తగ్గిస్తే క్యాన్సర్ తగ్గుతుందని నేరుగా రుజువు ఉందా అని ఒక కుర్ర డాక్టరు అడిగాడు నన్ను. తిండితో లేదు. మందుతో కొంత ఉంది. గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ ఎక్కువ ఉన్న పదివేల మందిని తీసుకుని, కొందరికి కానకినుమాబ్ అనే, ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చి చూశారు, గుండె కోసం. 2017లో లెక్కలు తీస్తే, ఎక్కువ డోసు తీసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు 77 శాతం తగ్గాయి. దాంతోపాటు ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. ముల్లు తీసే సైన్యాన్నే పడుకోబెడితే అంతేగా మరి.

ఇప్పుడు మన కంచం. దేశం మొత్తం మీద జరిగిన ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి సర్వేలో మనవాళ్ళ శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని తేలింది, అందులోనూ పాలిష్ పట్టిన బియ్యం, మైదా, చక్కెర. తార్నాక సంస్థ 2024లో ఇచ్చిన కంచం లెక్కలో ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పప్పులు 85 గ్రాములు. ఇంటికెళ్ళి తూచండి. నేను తూచాను. మా ఇంట్లో కూర 130 గ్రాములు వచ్చింది, అందులో నూనె ఎంతో నేను చెప్పను, మా ఆవిడ మూడో వరసలో ఉంది. (నవ్వులు) అన్నంలో కూర నంజుకోవడం మన అలవాటు. కూరలో అన్నం నంజుకోవాలి. అంతకన్నా పెద్ద వైద్యం నాకు తెలీదు.

సాసేజీ, సలామీ, బేకన్ లాంటి నిల్వ మాంసాల గురించి 2015లో ఆ క్యాన్సర్ పరిశోధన సంస్థ తీర్పు వచ్చింది, అవీ మొదటి జాబితాలోకి ఎక్కాయి. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుంది. మన ఊళ్ళో అవి తినేవాళ్ళు తక్కువే. కానీ మీ మనవలు హైదరాబాదులో, డాలస్‌లో తింటున్నారు, వాళ్ళకి చెప్పండి. ఆదివారం వేట మాంసం, అంటే మటన్, ఆ జాబితా కాదు, దాని కింది జాబితా, క్యాన్సర్ తేవచ్చు అనుకునేవాటిది.

మనకి అసలు గొడవ బజ్జీల బండి. మన వాకింగ్ అయ్యాక గేటు బయట ఎక్కడ ఆగుతామో నేను చెప్పక్కర్లేదు. ఈసారి మిరపకాయ మీద కాకుండా మూకుడు మీద చూపు పెట్టండి. పొద్దున్న పోసిన నూనె తేనె రంగులో ఉంటుంది. పునుగు వేస్తే పెద్ద బుడగలు వచ్చి వెంటనే పగులుతాయి. రెండో రోజుకు బెల్లం పాకం రంగు వస్తుంది, సన్నటి నురగ పట్టి చావదు, గరిటె ఎత్తితే నూనె తీగలా సాగుతుంది. పొగ కూడా తొందరగా లేస్తుంది. అప్పటికి నూనె విరిగి కొత్త పదార్థాలు పుట్టాయన్న మాట. వాటిని మొత్తంగా పోలార్ కాంపౌండ్స్ అంటారు. అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై నుంచి మన దేశంలో నిబంధన. బండి దగ్గర కొలిచేవాడు ఎవడు? మన కళ్ళే మీటరు. ఇంకో మాట, ఆ మూకుడు దగ్గర ఎక్కువ ప్రమాదం తినేవాడికి కాదు. మాడే నూనె పొగ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి కారణం కావచ్చని ఆ రెండో జాబితాలో ఉంది. రోజుకు పది గంటలు ఆ పొగ పీల్చేది మన బండి అబ్బాయి. వాడి గురించి ఎవరూ ఉపన్యాసం పెట్టరు.

ప్రశ్నలు అడగండి.

(ఒక మహిళ: డాక్టరు గారూ, మా చెల్లికి కీమో నడుస్తోంది. చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుందని అన్నం, పళ్ళు, పాలు అన్నీ మాన్పించేశారు.)

ఎవరు మాన్పించారమ్మా? ... డాక్టరు కాదు కదా. ఇవాళే మళ్ళీ పెట్టమనండి. చక్కెర మానేస్తే క్యాన్సర్ మాడిపోదు. మనం తినకపోయినా లివర్ తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. కీమోలో ఉన్న మనిషికి బరువు తగ్గడం పెద్ద ప్రమాదం. మెత్తగా పప్పన్నం, పెరుగు, గుడ్డు, ఏది లోపలికి వెళ్తే అది. ఇప్పటిదాకా నేను చెప్పిందంతా రాకముందు సంగతి. వచ్చాక లెక్క వేరు. ఆవిడని చూసే డాక్టర్నే అడగండి.

ఇంకో మాటమ్మా. "ఏం తిన్నందుకు నాకీ జబ్బు" అని మీ చెల్లి అడుగుతుండొచ్చు. నా పేషెంట్లలో అడగని వాళ్ళు లేరు. ఇందాక రెండు అంకెలు గుర్తుంచుకోమన్నాను చూడండి, 113, 99,849. అవి దానికే. ఆమె తప్పేం లేదని చెప్పండి, నేను చెప్పానని చెప్పండి.

(ఒక సభ్యుడు: నెలనెలా సీఆర్‌పీ చేయించుకుంటే మంచిదేనా సార్?)

వద్దు. పన్ను పుచ్చినా పెరుగుతుంది, జలుబు చేసినా పెరుగుతుంది. ఆ డబ్బు ల్యాబుకివ్వకుండా టేపు కొనుక్కోండి. నడుము మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు. ఊపిరి బిగబట్టి కొలవకండి.

(మరొకరు: ఆవకాయ సంగతి తేల్చలేదు.)

ఊరబెట్టిన కూరగాయల మీద అనుమానం ఉన్న మాట నిజం, కానీ ఆ అధ్యయనాలు చైనా, కొరియా, జపాన్ పద్ధతుల మీదే ఎక్కువగా జరిగాయి. ఆవకాయని అంతగా ఎవరూ పట్టించుకోలేదు. నా బాధ ఉప్పుతో. ఉప్పు ఎక్కువైతే కడుపు లోపలి పొర దెబ్బతింటుంది. ముద్దపప్పులో ఒక బద్ద కలుపుకోండి, రెండో బద్ద వద్దు. జాడీ మాత్రం పనమ్మాయికి ఇవ్వకండి, నాకు ఇవ్వండి. (నవ్వులు)

(వెనక వరసలోంచి ఒకాయన: సార్, మా ఫ్రెండ్ ఒకాయనకి మూడు నెలలుగా మోషన్‌లో రక్తం పడుతోంది. మొలలని చెప్పి పీచు ఎక్కువ తినమన్నారు. ఇప్పుడు మీరు చెప్పినట్టు చోడి అంబలి తాగితే...)

ఎన్నేళ్ళు మీ ఫ్రెండుకి?

(58 సార్.)

బరువు తగ్గాడా?

(కొంచెం... ఆరు కిలోలు.)

మొలలే కావచ్చు. ఎక్కువసార్లు మొలలే అవుతాయి. కానీ 58 ఏళ్ళకి కొత్తగా రక్తం పడుతుంటే లోపల చూడకుండా మొలలు అనకూడదు. అంబలి తర్వాత, ముందు కొలనోస్కోపీ. ... సెక్రటరీ గారూ, వందన సమర్పణ మీరు కానిచ్చేయండి. మీరు, ఆ నీలం చొక్కా ఆయన, వెళ్ళిపోకండి, మెట్ల దగ్గర ఉండండి, నేను వస్తున్నాను. మైకు ఆపు బాబూ.